రూట్ లేకుండా బండేసుకుని పోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకు ఎందుకో కుదరట్లేదు

ఖాళీట్యాంకు | సోమవారం రాత్రి 10:52

చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. విషయం ఏంటంటే, ఆదివారం పొద్దున్నే లేచి బండి తీసి ఎటు బుద్ధి పుడితే అటు పోదాం అని ఐదు వారాల నుంచి ట్రై చేస్తున్నా. మొదటి నాలుగు వారాలూ ఒకటే కథ. మెయిన్ రోడ్డు దాకా వెళ్తా, అక్కడ బండి దానంతటదే రోజూ ఆఫీసుకెళ్లే వైపు తిరుగుతుంది, ఓ ఇరవై కిలోమీటర్లు పోయాక అసలు ఇటెందుకొచ్చాం రా అనిపించి యూటర్న్ కొట్టి ఇంటికొచ్చేస్తా.

నిన్న మాత్రం పట్టుబట్టి తెలియని రోడ్డే ఎక్కాలని ఒక చిన్న రోడ్డులోకి దిగా, అది బానే ఉంది, అది ఇంకో రోడ్డులో కలిసింది, అది ఇంకోదాంట్లో, అలా అలా పోయి సాయంత్రం ఐదున్నరకి చూసుకుంటే ఫోన్లో సిగ్నల్ లేదు, పెట్రోల్ ముల్లు ఎర్రగీత మీద పడుకుంది, ఎటు చూసినా ఒకటే రకం పొలాలు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఇంట్లో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు.

రూట్ వేసుకుని వెళ్తే కొరియర్ డెలివరీకి వెళ్లినట్టుంటుంది. వేసుకోకపోతే ఆఫీసు దారి, లేదంటే ఎర్రగీత. ఈ రెండిటికీ మధ్యలో ఏమీ లేదా?

మూడోగేరు | సోమవారం రాత్రి 11:20

నీ బండి తప్పేం లేదు గురూ. రోజూ ఏ మలుపులో ఇండికేటర్ వేస్తావో నీ చేతికి తెలుసు, నువ్వు ఆలోచించేలోపే అది వేసేస్తుంది. ప్లాన్ లేకపోతే స్వేచ్ఛ అనుకుంటాం గానీ ప్లాన్ లేని మనిషిని నడిపేది అలవాటే.

నా మందు చెప్తా. జేబులో ఒక నాణెం పెట్టుకో. ప్రతి జంక్షన్లో పక్కకి ఆపి ఎగరెయ్యి. బొమ్మ పడితే ఎడమ, బొరుసు పడితే కుడి, నేరుగా వెళ్లడం నిషేధం. ఫోన్ ఇంట్లో వదిలెయ్. అంతే.

లెక్కలపిచ్చి | సోమవారం రాత్రి 11:47

@మూడోగేరు బ్రో, నీ మందుకి సైడ్ ఎఫెక్ట్ ఉంది. రోడ్లన్నీ గళ్ల నోటుబుక్కులా ఉన్నాయనుకో, ప్రతి జంక్షన్లో నాణెం వేసి ఎడమో కుడో తిరుగుతూ 100 జంక్షన్లు దాటాక ఇంటికి ఎంత దూరంలో ఉంటావ్? 100 గళ్లు కాదు, సుమారు 10 గళ్లు. దూరం ఎప్పుడూ వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 400 జంక్షన్లు దాటినా 20 గళ్లే. పెట్రోల్ మాత్రం వర్గమూలం లెక్కన తాగదు కదా.

ఇంకో తమాషా. 1921లో జార్జ్ పోల్యా అనే గణితవేత్త నిరూపించాడు, అంతులేని గళ్ల మీద ఇలా గుడ్డిగా తిరిగేవాడు ఎప్పటికైనా బయల్దేరిన చోటికి వచ్చి తీరతాడు, నూటికి నూరుపాళ్లు. అదే పైకీ కిందికీ కూడా పోగలిగే మూడు దిక్కుల గళ్లయితే తిరిగొచ్చే అవకాశం 34 శాతం దగ్గరే. కాబట్టి రోడ్డు మీద నాణెం వేసుకుంటూ పోతే ఇంటికి గ్యారంటీగా వస్తావ్. కాకపోతే సగటున ఎన్ని మలుపులకి వస్తావ్ అంటే దానికి సమాధానం అనంతం. ఇంట్లో వాళ్లకి ఇది ఎలా చెప్పాలో నాకు తెలీదు.

వానమబ్బు | మంగళవారం ఉదయం 6:15

ఇది నాకు అయ్యింది భయ్యా నవ్వకుండ్రి. పోయిన ఏడాది గిట్లనే బొమ్మాబొరుసు ఏసుకుంట పోయిన, రెండు గంటలు తిరిగిన, ఏదో కొత్త ఏరియాల ఉన్న అనుకుని మస్తు ఖుషీ అయిన, ఒక గోడ కనవడ్డది, ఈ గోడ ఎక్కడనో చూసినట్టున్నదే అనుకున్న. మా ఇంటి ఎనక గోడ. నేనే ఎన్నడు ఆ సైడు నుంచి చూడలే.

లెక్కలపిచ్చి | మంగళవారం ఉదయం 6:31

@వానమబ్బు పోల్యా గారి తరఫున ధన్యవాదాలు.

సీరియస్‌గా చెప్పాలంటే నాణెం ప్రతి జంక్షన్లో వద్దు. బయల్దేరేటప్పుడు రెండుసార్లు వెయ్యి, తూర్పా పడమరా ఉత్తరమా దక్షిణమా తేలిపోతుంది. తర్వాత ఎక్కడ రోడ్డు చీలినా ఆ దిక్కుకి దగ్గరగా ఉన్నవాటిలో నీకు తెలియనిది ఎక్కు. అలవాటు పట్టు వదులుతుంది, దూరమూ వస్తుంది.

పాతసైలెన్సర్ | మంగళవారం మధ్యాహ్నం 1:05

బాబూ ఖాళీట్యాంకూ, నేను బండి నడపడం మొదలెట్టి ముప్పై ఐదేళ్లు దాటింది, ఇంతవరకూ రూట్ రాసుకుని వెళ్లింది లేదు, ఇంటికి రాకుండా ఉన్నదీ లేదు (రెండుసార్లు తప్ప, అవి తర్వాత చెప్తా). వెళ్లే దారి ఎంతైనా గాలికొదిలెయ్, తిరుగు ప్రయాణం మాత్రం వదలకూడదు. రైడ్‌లో ముందే అనుకోవాల్సింది అదొక్కటే.

ఎలాగంటే, ట్యాంక్ నింపిన వెంటనే ట్రిప్ మీటర్ (అక్కడి నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగావో చూపించేది) సున్నా చెయ్యి. ముల్లుని నమ్మకు. ట్యాంకులో పెట్రోల్ ఊగుతుంటే ముల్లూ ఊగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఒక మాట చెప్తుంది, దిగేటప్పుడు ఇంకో మాట. సైడ్ స్టాండ్ వేస్తే మూడో మాట. ట్రిప్ మీటర్‌కి ఈ గొడవ లేదు. నీ బండి ఫుల్ ట్యాంక్‌కి 300 ఇస్తుందనుకో, దాన్ని మూడు భాగాలు చెయ్యి. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి దారి తప్పడానికి. 100 దగ్గర ఎంత బాగున్నా సరే మనసు ఇంటివైపు తిప్పాలి. బండి తిప్పక్కర్లేదు, వేరే దారినే రావచ్చు, కానీ ఇక దూరం పెంచకూడదు.

మా రోజుల్లో రిజర్వ్ నాబ్ ఉండేది. బండి దగ్గితే కిందకి వంగి దాన్ని తిప్పి ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోల్ మీద నడిపేవాళ్లం, అదొక హెచ్చరిక, మనిషికి భయం పుట్టేది. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లకి ఆ నాబ్ లేదు, ఒక చిన్న లైటు వెలుగుతుంది, ఆ లైటుకి మీ కాలం వాళ్లు భయపడరు.

మూడోగేరు | మంగళవారం మధ్యాహ్నం 1:40

పెద్దాయనా ఆ రెండుసార్లు ఏమైందో చెప్పకుండా వెళ్లకండి

పాతసైలెన్సర్ | మంగళవారం మధ్యాహ్నం 2:22

ఒకసారి చైన్ తెగింది. ఇంకోసారి మా అత్తగారింటికి చేరుకున్నా, వాళ్లు పంపలేదు.

గాలికెదురు | మంగళవారం సాయంత్రం 7:10

నాది పెడల్ బండి, ఇక్కడ రాయొచ్చా? రాస్తున్నాలెండి.

మాకు పెట్రోల్ కాళ్లలోనే ఉంటుంది కాబట్టి సైలెన్సర్ గారు చెప్పిన మూడు భాగాలు మాకు ఇంకా కచ్చితంగా వర్తిస్తాయి, కానీ మాకు ఇంకో శత్రువు ఉంది, గాలి. మొదట్లో నేను చేసిన తప్పు ఏంటంటే ఇంట్లోంచి బయటికొచ్చి ఎటు వెళ్తే సులువుగా ఉందో అటు తొక్కుకుంటూ పోయేదాన్ని. అబ్బ నేనెంత స్పీడ్‌గా తొక్కుతున్నానో అని మురిసిపోయేదాన్ని. అది నా గొప్ప కాదు, వెనక నుంచి గాలి తోస్తోంది. తిరిగేసరికి అసలు సినిమా. 20 స్పీడ్‌లో వెళ్తుంటే ఎదురుగాలి 15 ఉందనుకోండి, ఒంటికి తగిలే గాలి 35. గాలి అడ్డగింత స్పీడ్‌కి వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి గాలి లేనప్పటితో పోలిస్తే మూడు రెట్లు. అలసిపోయిన కాళ్లకి మూడు రెట్లు! ఒకసారి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చా, ఒట్టు.

అందుకే ఇప్పుడు నాకు రూట్ ఉండదు గానీ ఒక్క రూల్ ఉంది. గేటు దాటగానే చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో చూస్తా, ఆకులు ఊగే వైపుకి వెన్ను పెట్టి బయల్దేరతా. కష్టం ముందు అయిపోతుంది, రాజీ లేకుండా. తిరిగేటప్పుడు గాలే ఇంటికి పంపిస్తుంది. దిక్కు ఎవరు నిర్ణయించారు? గాలి. నాణెం కూడా అక్కర్లేదు చూశారా.

లెక్కలపిచ్చి | మంగళవారం సాయంత్రం 7:26

35ని 20తో భాగించి వర్గం చేస్తే 3.06. అక్కా మీరు మా జట్టులోకి రండి.

చీకటిపడకముందే | మంగళవారం రాత్రి 9:48

అందరూ మజా గురించే మాట్లాడుతున్నారు, ఒక్కడూ చీకటి గురించి మాట్లాడట్లేదు. థ్రెడ్ పెట్టినాయన తొమ్మిదిన్నరకి ఇల్లు చేరాడంటే తెలియని రోడ్డు మీద చీకట్లో కనీసం రెండు మూడు గంటలు నడిపాడన్నమాట. గంటకి 60 కిలోమీటర్లు అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. గుంత కంటబడ్డాక బ్రేక్ మీద కాలు పడటానికి ఒకటిన్నర సెకను వేసుకున్నా 25 మీటర్లు పోయినట్టే, అప్పటికి బ్రేక్ ఇంకా మొదలే కాలేదు. తెలిసిన రోడ్డులో గుంత ఎక్కడుందో మనకి గుర్తుంటుంది కాబట్టి బతికిపోతాం. తెలియని రోడ్డులో ఆ జ్ఞాపకం ఉండదు.

ఇక ఫోన్ ఇంట్లో వదిలెయ్ అనే సలహా. పడిపోతే ఎవరికి చెప్తారు? నన్ను ఛాదస్తం అనుకున్నా పర్లేదు. లైవ్ లొకేషన్ ఆన్ చేసి ఇంట్లో ఒకరికి పంపకుండా నేను వీధి చివరికి కూడా వెళ్లను.

మూడోగేరు | మంగళవారం రాత్రి 10:15

చీకటి విషయం ఒప్పుకుంటా. లైవ్ లొకేషన్ ఒప్పుకోను. జేబులో ఫోన్ ఉంటే ప్రతి పది నిమిషాలకీ తీసి ఆ నీలిచుక్క ఎక్కడుందో చూస్తా, నాకు తెలుసు నా సంగతి. అది చూసిన క్షణం నుంచి నేను రోడ్డు మీద లేను, మ్యాప్ మీదున్నా. ముందు వచ్చే మలుపు తర్వాత ఏముందో తెలిసిపోయాక ఇంక మలుపు తిరగడం ఎందుకు?

చీకటిపడకముందే | మంగళవారం రాత్రి 10:21

ఎందుకంటే ఆ మలుపు తర్వాత లారీ ఉండొచ్చు, నీలిచుక్క లారీని చూపించదు. కనీసం నువ్వు ఎక్కడున్నావో అంబులెన్స్‌కైనా చూపిస్తుంది.

మూడోగేరు | మంగళవారం రాత్రి 10:24

ప్రతిదానికీ అంబులెన్సేనా నాయనా

మోడరేటర్ | మంగళవారం రాత్రి 10:40

ఇద్దరూ కాస్త నెమ్మది. హెల్మెట్ గురించి మొదలెట్టబోయే వాళ్లకి ముందే చెప్తున్నా, దానికి వేరే థ్రెడ్ ఉంది, 40 పేజీలు, అక్కడ కొట్టుకోండి.

లెక్కలపిచ్చి | బుధవారం ఉదయం 7:02

ఇద్దరికీ మధ్య ఒక రాజీ. చాలామందికి తెలియంది ఏంటంటే జీపీఎస్‌కి సిగ్నల్ టవర్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. ఫోన్ ఉపగ్రహాల నుంచి వచ్చేది వింటుంది అంతే, తిరిగి ఏమీ పంపదు. ఖాళీట్యాంకు గారి ఫోన్‌కి ఆ రోజు తను ఎక్కడుందో తెలిసే ఉంటుంది, కింద పరిచి చూపించడానికి మ్యాపే లేదు. కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే చుట్టుపక్కల ఓ 150 కిలోమీటర్ల మ్యాప్ దించి పెట్టుకోండి. ఫోన్ సంచి అడుగున పడెయ్యండి, జేబులో కాదు. తీయాలంటే బండి ఆపి సంచి అంతా గుమ్మరించాల్సినంత అడుగున. అప్పుడు మూడోగేరుకి నీలిచుక్క రోగం రాదు, చీకటిపడకముందే గారికి నిద్ర పడుతుంది. నెట్ లేనప్పుడు మొదటిసారి చోటు దొరకడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, ఆకాశం కనిపించే చోట ఓపిగ్గా నిలబడాలి.

ఒక్కమాట, 'నాకు దిక్కులు బాగా తెలుసు' అనేవాళ్ల కోసం. 2009లో జర్మనీలోని ఒక మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు మనుషుల్ని అడవిలో, సహారా ఎడారిలో వదిలి నేరుగా నడవమన్నారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపు బానే నడిచారు. కనిపించకుండా పోయాక గుండ్రంగా తిరిగి తమ అడుగుల్నే దాటారు, తాము నేరుగానే వెళ్తున్నామని నమ్ముతూ.

వానమబ్బు | బుధవారం ఉదయం 7:30

మా ఇంటి ఎనక గోడ సాక్షి

పాతసైలెన్సర్ | బుధవారం ఉదయం 11:15

సూర్యుడి మాట వచ్చింది కాబట్టి. గడియారం లేకపోయినా పొద్దు ఎంతుందో చూడొచ్చు. చెయ్యి బారుగా చాపి వేళ్లు అడ్డంగా పెట్టి, నేల అంచుకీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టు. మన దగ్గర ఒక్కో వేలు సుమారు ఏడెనిమిది నిమిషాలు, నాలుగు వేళ్లంటే అరగంట. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, చాపిన చేతికి నాలుగు వేళ్ల వెడల్పు రమారమి అందులో సగం. ఎనిమిది వేళ్లు మిగిలాయంటే నేను ఇక కొత్త రోడ్డు ఎక్కను. సూటిగా మాత్రం చూడకు, కళ్లు పోతాయి.

దారి అడగడం కూడా ఒక విద్య. 'ఈ రోడ్డు ఫలానా ఊరికి పోతుందా' అని ఎప్పుడూ అడక్కు. తెలియకపోయినా మొహమాటానికి 'ఆఁ పోద్ది' అంటారు. 'ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది' అని అడుగు. అప్పుడు తెలిసినవాడే నోరు విప్పుతాడు. 'ఎంత దూరం' అంటే 'ఇక్కడే' అంటారు, ఆ ఇక్కడే కిలోమీటరూ కావచ్చు పద్దెనిమిదీ కావచ్చు, 'నడిస్తే ఎంతసేపు' అని అడగాలి.

పిలియన్_సీటు | బుధవారం సాయంత్రం 4:50

ఇదంతా వెనక సీట్లో కూర్చుని చదువుతున్నా. మా ఆయన కూడా మీలాంటి బాపతే, ఎక్కడికి అంటే 'ఊరికే' అంటాడు. ఊరికే అనే ఊరు ఏ మ్యాప్‌లో ఉందో పెళ్లయిన ఎనిమిదేళ్లకీ దొరకలేదు. మొదట్లో గొడవలు పడేవాళ్లం, తర్వాత నాకే అర్థమైంది, తనకి నిజంగానే తెలీదు ఎక్కడికో, అడిగితే ఏం చెప్తాడు పాపం. అందుకని ఎక్కడికి అనడం మానేశా. ఎప్పటికి అని అడుగుతా. నాలుగంటే నాలుగు. నాలుగున్నర దాకా నేను ఫోన్ చెయ్యను, నాలుగున్నర దాటితే వరసగా చేస్తూనే ఉంటా. ఈ ఒప్పందం మీద ఐదేళ్లుగా కాపురం సజావుగా నడుస్తోంది. ఖాళీట్యాంకు అన్నయ్యా, వదినకి మీరు లేట్ అయినందుకు కోపం వచ్చి ఉండదు, టైమ్ చెప్పకుండా లేట్ అయ్యారు చూడండి, దానికి వచ్చి ఉంటుంది.

ఇంకోటి, అలవాటు గురించి ఇంత గింజుకుంటున్నారు కదా, నాణేలు గాలులు అంటూ, వెనక మనిషిని ఎక్కించుకోవచ్చుగా. మలుపులో ఎటో నేను చెప్తా, తను తిప్పుతాడు. నాకు వాళ్ల ఆఫీసు దారి చేతి అలవాటు లేదు కదా. నాకు ఏ చెట్టు బాగుంటే అటు అంటా.

గాలికెదురు | బుధవారం సాయంత్రం 5:15

ఈ థ్రెడ్‌లో ఇదే అసలైన సలహా 👏

వానమబ్బు | బుధవారం రాత్రి 8:33

ఒక్కలే ఎక్కించుకోండ్రి, గుంపుతోని మాత్రం పోకుండ్రి. మేం ఎనిమిది బండ్లు గిట్లనే పోయినం ప్లాన్ లేకుండ. ప్రతి మలుపు కాడ పది నిమిషాల మీటింగు, ఒకడు కుడి అంటడు, ఒకడు ఎడమ అంటడు, ఒకడు ఇంటికి పోదాం అంటడు, ఒకడు ఎనకనే ఉండిపోయిండు ఆనికోసం చూసుడు. పొద్దు మొత్తం తిరిగి 35 కిలోమీటర్లు పోయినం. ప్లాన్ లేకుండ పోవాలంటే ఒక్కడు, మస్తంటే ఇద్దరు. ముగ్గురైతే ఓటింగ్ అయితది.

ఖాళీట్యాంకు | ఆదివారం రాత్రి 8:05

అందరికీ రిపోర్టు.

శనివారం రాత్రే మ్యాప్ దించుకుని, గాలి చెక్ చేయించి, ట్యాంక్ ఫుల్ చేసి ట్రిప్ సున్నా చేశా. మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించా (పిలియన్_సీటు గారి పోస్టు రెండుసార్లు చదివి, నావైపు ఒకసారి చూసింది). తనూ వస్తానంది. సాయంత్రం నాలుగుకి ఇంట్లో ఉండాలని ఒప్పందం. ఫోన్లు సంచి అడుగున.

మెయిన్ రోడ్డు దగ్గర చెయ్యి మామూలుగానే ఆఫీసు వైపు ఇండికేటర్ వేసింది, నిజంగా నేను వెయ్యలేదు, అదే వేసింది. వెనక నుంచి భుజం మీద ఒక దెబ్బ పడింది, 'కుడి' అంది. అక్కడి నుంచి ఆమెదే రాజ్యం. చెట్లు చూసి కాదు, మా ఆవిడ లెక్క వేరు, ఏ రోడ్డుకి బోర్డు లేకపోతే అది. రెండుసార్లు ఎవరి పెరట్లోకో వెళ్లి సారీ చెప్పి వెనక్కి తిప్పుకున్నాం.

ఒకచోట రోడ్డు చాలా బాగుంది, వెడల్పుగా, ఎవ్వరూ లేరు, ఇంత మంచి రోడ్డు మీద ఎవరూ లేరేంటా అనుకుంటూ పోతున్నాం. అలా పోయి పోయి రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగిపోయింది. జోక్ కాదు. ఏదో రిజర్వాయర్ కట్టినప్పుడు మునిగిన పాత రోడ్డట. నీళ్లలోకి ఓ పది అడుగుల అవతల కిలోమీటరు రాయి సగం మునిగి ఉంది, మీద అంకె 12 కనిపిస్తోంది, ఊరి పేరు నీళ్లలో ఉంది. అక్కడ గంట కూర్చున్నాం. ఆ ఊరు ఏదై ఉంటుందా అని మా ఆవిడ ఒకటే ఆలోచన. ఫోన్ తీసి చూద్దామా అన్నాను, వద్దంది.

ట్రిప్ మీటర్ 84 దగ్గర తిరిగాం, ట్యాంక్ లెక్కన ఇంకా పోవచ్చు గానీ టైమ్ లెక్కన చాలు. సైలెన్సర్ గారు చెప్పినట్టు 'ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది' అని అడిగా. మొదటాయన 'తెల్దు' అన్నాడు, హాయిగా. రెండో ఆయన చెప్పాడు. 3:50కి ఇంట్లో ఉన్నాం.

అసలు చెప్పాల్సింది మర్చిపోయా. వచ్చేటప్పుడు ఎక్కిన రోడ్డు తిరిగి తిరిగి ఎక్కడ తేలిందో తెలుసా, మా ఆఫీసు వెనక గేటు దగ్గర. ఏడేళ్లుగా పనిచేస్తున్నా, దానికి వెనక గేటు ఉందనే తెలీదు నాకు.

లెక్కలపిచ్చి | ఆదివారం రాత్రి 8:12

పోల్యా 😂😂

చీకటిపడకముందే | ఆదివారం రాత్రి 8:30

పది నిమిషాలు ముందే వచ్చారు, చాలా సంతోషం. ఆ రాయి ఫోటో పెట్టండి.

ఖాళీట్యాంకు | ఆదివారం రాత్రి 8:34

ఫోన్ సంచి అడుగునుంది అన్నాగా, తియ్యలేదు.

పాతసైలెన్సర్ | ఆదివారం రాత్రి 9:01

ఎండాకాలంలో ఇంకోసారి వెళ్లు బాబూ, నీళ్లు తగ్గితే పేరు బయటపడుతుంది.

మూడోగేరు | ఆదివారం రాత్రి 9:20

అది సరే గానీ ఆ వెనక గేటు దగ్గర నుంచి రోడ్డు ఎడమకి కూడా పోతుందా?